మూత మీద చెయ్యి

పై ఇంటి బాల్కనీలోంచి మిక్సీ జార్ వచ్చి నా కాళ్ళ ముందు పడింది. ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే తల పగిలేది. స్టీలు జార్ సిమెంటు మీద సొట్టపడి, ఎగిరి, పార్కింగులో ఉన్న కారు చక్రానికి కొట్టుకుని ఆగింది. దాని వెనకే మూత వచ్చింది. ఆ తర్వాత మిక్సీయే వచ్చింది, వైరు వేలాడుతూ. నేలకు తగిలి పగిలిపోయి, లోపలి రాగితీగ చుట్ట బయటపడింది.

తలెత్తి చూశాను. బాల్కనీలో ఎవరూ లేరు. గాజుతలుపు మూసిన చప్పుడు మాత్రం వినపడింది.

కాసేపటికి పై ఇంటి ప్రసూన చెత్తసంచి పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. నా వంక చూడకుండా వంగి ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"చెయ్యి జారింది హైమక్కా," అంది.

"జార్ జారితే సరే. మిక్సీ కూడా జారిందా?"

ఆమె ఎడమ మణికట్టు వాచిపోయి ఉంది. దాని మీద ఎర్రగా, వంపుగా ఒక గీత. మిక్సీ జార్ అంచు ఎంత వంపు ఉంటుందో అంతే వంపు.

"పచ్చడిలో ఉప్పెక్కువైంది," అంది సంచి ముడేస్తూ. "నేను గట్టిగా అరిచాను. అటుపక్క ముసలావిడ గోడ మీద కొట్టింది. దాంతో ఆయనకి ఇంకా కోపం వచ్చింది."

మా అపార్టుమెంట్లు చెక్కతో కట్టినవి. పైవాళ్ళు గట్టిగా నడిస్తే కిందవాళ్ళ ఇంట్లో పైకప్పుకి వేలాడే దీపం ఊగుతుంది. దగ్గితే వినపడుతుంది. ప్రసూనవాళ్ళ పక్క ఇంట్లో కారల్ అనే అమెరికన్ ముసలావిడ ఉంటుంది, చేతికర్రతో నడుస్తుంది. ఆవిడ గోడ మీద కొట్టిందంటే చాలాసేపు ఓర్చుకునే కొట్టి ఉంటుంది.

"నాతో లోపలికి రా," అన్నాను.

"సంచి పారేసి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆయనకి తెలుసు," అని వెళ్ళిపోయింది.

ఆ శనివారం ప్రసూన, ఆమె మొగుడు శ్రీకర్ మా కొట్టుకు వచ్చారు.

నేను పనిచేసేది హస్ముఖ్ భాయ్ సరుకుల కొట్టులో. డాలస్ చుట్టుపక్కల అలాంటివి వీధికొకటి ఉంటాయి. వెనక గోడకి మిక్సీల అర. దాని ముందు నిలబడినవాళ్ళకి చెప్పాల్సింది నేనే. అందరివీ ఒకే రకం ప్రశ్నలు. ఇడ్లీపిండికి తట్టుకుంటుందా, ఎండుకొబ్బరి నలుగుతుందా, ఇండియా నుంచి తెచ్చింది కాలిపోయింది, ఇది ఎన్నాళ్ళు వస్తుంది. చివరికి గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న. చప్పుడు తక్కువ చేసేది ఏది? కిందవాళ్ళు ఫిర్యాదు చేస్తున్నారు అంటారు. కొందరు బాత్రూంలో తలుపేసుకుని రుబ్బుతారు. కొందరు మిక్సీ కింద దుప్పటి మడిచి వేస్తారు.

శ్రీకర్ ఇస్త్రీ చొక్కాలో, నవ్వుతూ వచ్చాడు. ప్రసూన వెనకాల సరుకుల బండి తోసుకుంటూ వచ్చింది. ఎండ మండిపోతున్నా పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని ఉంది.

"చెల్లెమ్మా, మీ దగ్గర గట్టి మిక్సీ ఏది?"

మధ్యరకం ఒకటి చూపించాను. ప్లగ్గు పెట్టి ఆడించమన్నాడు. ఆడించాను.

"ఇదేంటి, నసుగుతోంది. ఇంకోటి."

ఇంకోటి ఆడించాను. చెవి ఒగ్గి విన్నాడు. జార్ వంక గానీ బ్లేడు వంక గానీ చూడలేదు. ఎంత చప్పుడు చేస్తుందో అదొక్కటే విన్నాడు.

"ఇంకా గట్టిది లేదా?"

హస్ముఖ్ భాయ్ కౌంటర్ దగ్గర్నుంచి నవ్వాడు. "హోటలు పెడుతున్నారా సార్?"

పై అరలో ఒకటి ఉంది. దాన్ని మేం బుల్డోజర్ అంటాం. హోటళ్ళవాళ్ళు తప్ప ఎవరూ కొనరు. దించి ప్లగ్గు పెట్టాను. తిప్పగానే పక్క అరలోని ఊరగాయ సీసాలు గలగలలాడాయి. బండిలో కూర్చున్న ఎవరి పిల్లో కెవ్వుమంది. శ్రీకర్ ముఖం విచ్చుకుంది.

"ఇదే. దీన్ని ఆపకుండా ఎంతసేపు ఆడించొచ్చు?"

"ఎంతసేపైనా ఆడుతుందండీ. మోటారు పెద్దది. వేడెక్కదు."

"బాగుంది."

కార్డు తీసుకుని హస్ముఖ్ భాయ్ దగ్గరికి వెళ్ళాడు. నేను వైరు చుడుతున్నాను. ప్రసూన పక్కకి వచ్చి నిలబడింది. కందిపప్పు సంచుల వంక చూస్తూ, పెదవులు కదిపీ కదపకుండా అడిగింది.

"వీటిలో మధ్యలో ఆగిపోయేది ఏదక్కా?"

"ఆగిపోనిది కదా నీకు కావాల్సింది?"

"ఆగిపోయేదే."

ఆ అర ముందు అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. అంత చప్పుడు చేసే మిక్సీ కావాలని కూడా ఎవరూ అడగలేదు. రెండూ ఒకేసారి నా తలకెక్కాయి. 

శ్రీకర్ తిరిగి వచ్చాడు. కొన్న ప్రతివాళ్ళకీ చెప్పే మాటలు నా నోట్లోంచి వాటంతట అవే వచ్చాయి. "జార్ సగానికి మించి నింపొద్దు. తిరిగేటప్పుడు మూత మీద చెయ్యి తీయొద్దు. ఇది మిగతావాటిలా కాదు, మూత ఎగరగొడుతుంది."

"నాకెందుకు చెప్తావు చెల్లెమ్మా? వంట చేసేది అది. నేను స్విచ్చు వేసేవరకే."

తన మాటకి తనే నవ్వుకుని అట్టపెట్టె భుజానికెత్తుకున్నాడు.

మా ఆయన గ్యాస్ స్టేషన్లో పని చేస్తాడు. ఇంట్లో ఎక్కువసేపు నేనొక్కదాన్నే. అందుకని పై ఇంటి చప్పుళ్ళు నాకు బాగా తెలుసు. కొబ్బరిపచ్చడి వేస్తే మొదట కటకటమంటుంది, తర్వాత మెత్తబడుతుంది, నీళ్ళు పోశాక గొంతు దిగుతుంది. పప్పు రుబ్బితే బరువుగా మూలుగుతుంది. మిక్సీ లోపల ఏదో ఒకటి ఉన్నంతసేపూ దాని గొంతు మారుతూనే ఉంటుంది. మధ్యలో ఆపుతారు, మూత తీసి గరిటెతో కలుపుతారు, మళ్ళీ వేస్తారు. ఏ ఇల్లాలైనా అంతే.

మర్నాడు సాయంత్రం బుల్డోజర్ మొదలైంది. ఒకే గొంతు. సన్నగా, పదునుగా, ఎక్కడా తగ్గకుండా కీచుమని అరుస్తూనే ఉంది. ఆపలేదు, కలపలేదు. ఆ సమయానికి భాగ్యక్క మా ఇంట్లో ఉంది. భాగ్యక్కది ఆర్మూరు. కొడుకు దగ్గర ఉంటూ ఇడ్లీపిండి రుబ్బి మా కొట్టుకి ఇస్తుంది. చేతిలోని టీ కప్పు కింద పెట్టి పైకి చూసింది.

"గా జార్ల ఏం లేదు పిల్లా. ఉత్తగనే తిరుగుతుంది."

"అవునక్కా."

"ఉత్తగ ఎందుకు తిప్పుతుండ్రు?"

నేను దీపం వంక చూపించాను. ఊగుతోంది. దెబ్బ చప్పుడు వినపడటం లేదు. కేక వినపడటం లేదు. దీపం మాత్రం ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఆగి, మళ్ళీ.

భాగ్యక్క ముఖం గట్టిపడింది. "పోలీసులకు చెయ్యి ఫోన్."

చేశాను. అవతల ఆడగొంతు ఏం జరుగుతోందని అడిగింది. నాకు కొట్లో అవసరమైనంత ఇంగ్లీషే వచ్చు. భయంలో అది కూడా పోయింది. పై ఇల్లు, మిక్సీ, చాలా పెద్ద చప్పుడు, ఆపడం లేదు అన్నాను. అమ్మాయి అన్నాను, దీపం అన్నాను. ఆవిడకి చప్పుడు ఒక్కటే అర్థమైంది.

ఇద్దరు పోలీసులు వచ్చారు. అప్పటికి మిక్సీ ఆగిపోయింది. వాళ్ళు చప్పుడు ఫిర్యాదు గురించే వచ్చారు. శ్రీకర్ తలుపు బార్లా తీశాడు. మెట్ల మీద నుంచి అతని నవ్వు వినపడింది. మా వంటలు ఇలాగే ఉంటాయి సార్ అన్నాడు. మిక్సీ వేసి చూపించాడు కూడా. పోలీసుల్లో ఒకతను చెవులు మూసుకుని నవ్వాడు. రాత్రి వేళ వాడొద్దని చెప్పి దిగి వచ్చేశారు.

ఆ మర్నాడు శ్రీకర్ మిఠాయి డబ్బా తీసుకుని మా తలుపు తట్టాడు.

"సారీ చెల్లెమ్మా, నిన్న మా పచ్చడి మిమ్మల్ని ఇబ్బంది పెట్టినట్టుంది. ఫోన్ చేసింది ఆ ముసల్దే అయ్యుంటుంది. మన మనుషులు అలాంటి పని చెయ్యరు."

నా కళ్ళలోకే చూస్తున్నాడు. చేసింది నేనని అతనికి తెలుసు. డబ్బా అందుకోకపోతే గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజూ మా ఇంట్లోనే ఉన్న భాగ్యక్క దాన్ని కాలితో మెట్ల కిందికి తన్నింది. లడ్లు దొర్లుకుంటూ పార్కింగు దాకా పోయాయి.

ఆ తర్వాత బుల్డోజర్ తరచుగా అరిచింది. పగలే. కారల్ గోడ మీద కొట్టడం మానేసింది. ఆవిడ నా దగ్గరికి వచ్చి, మీవాళ్ళు అంతసేపు ఏం రుబ్బుతారు అని నిజంగానే అడిగింది. నేను దీపం చూపించాను. ఆవిడ చాలాసేపు దీపం కింద నిలబడి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

ప్రసూన మెట్లు దిగడం కనిపించినప్పుడల్లా ఏదో ఒకటి మారి ఉండేది. ఒకసారి చెవి పోగు లేదు, పోగు ఉండాల్సిన చోట తమ్మె చీలి ఉంది. ఒకసారి నడుము పట్టుకుని పక్కకి వంగి నడిచింది. ఒకసారి పెదవి లోపల కుట్లు. పలకరిస్తే తల ఊపేది. శ్రీకర్ బాల్కనీలో నిలబడి, ఆమె చెత్త పారేసి వచ్చేదాకా చూస్తూ ఉండేవాడు.

ఒకరోజు ఆమె ఒక్కతే కొట్లోకి వచ్చింది. అద్దాల్లోంచి చూశాను. శ్రీకర్ కారులోనే ఉన్నాడు, ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"పసుపు కొమ్ములు ఉన్నాయా అక్కా? పొడి కాదు. కొమ్ములే."

పూజ సామాన్ల దగ్గర ఉంటాయి. చూపించాను. చిన్న ప్యాకెట్లు. అన్నీ తీసి బండిలో వేసుకుంది.

"ఇన్నెందుకు? పేరంటమా?"

"మాది దుగ్గిరాల పక్కన," అంది. "మా నాన్న పసుపు వేసేవాడు. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ముని సుత్తితో కొడితే సుత్తే ఎగిరి పడేది. మా అమ్మ రోట్లో వేసి దంచిన తర్వాతే మిల్లుకి పంపేది. దంచకుండా పంపితే మిల్లువాడు తిట్టేవాడు, రాళ్ళు పోశారేంటని."

ఒక కొమ్ము తీసి బల్ల మీద కొట్టింది. రాయి చప్పుడే వచ్చింది.

"ఆ బుల్డోజర్లో ఇవి వేస్తే ఆగుతుందా?"

అప్పటికి నాకు అంతా అర్థమైంది. గొంతు తగ్గించాను. "ఆగుతుంది. ఎంత పెద్ద మోటారైనా బ్లేడు పట్టేస్తే ఆగుతుంది. మోటారు కాలిపోకుండా కింద ఒక ఎర్ర బొత్తాం ఉంటుంది, అది బయటికి తన్నుకొస్తుంది. మిక్సీ తిరగేసి ఆ బొత్తాం నొక్కితే గానీ మళ్ళీ తిరగదు."

"ఆయనకి తెలుసా?"

"మిక్సీ తిరగేసి చూసే మనిషా?"

ప్రసూన నవ్వబోయింది. పెదవి కుట్లు లాగి ఆగిపోయింది.

"ఇప్పుడే నాతో రా," అన్నాను. "వెనక తలుపు ఉంది. హస్ముఖ్ భాయ్ కారు ఉంది. ఎక్కించుకుని పోతాను."

"ఎక్కడికి? అందరికీ ఆయన చెప్పేదే వినపడుతుంది. ఆరోజు పోలీసులు వచ్చినప్పుడు నేను చెప్పాను. నన్ను ఇక్కడినుంచి తీసుకుపొమ్మని తెలుగులో చెప్పాను. ఏమంటోందని వాళ్ళు ఈయన్నే అడిగారు. చప్పుడు చేసినందుకు సారీ చెప్తోంది అన్నాడు. అంతవరకు నాకు ఇంగ్లీషు వచ్చు." చేతిలోని కొమ్ముని బండిలో వేసింది. "వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వేశాడు మిక్సీ. ఈసారి చంపేస్తాడు, లేకపోతే వినపడతాను. రెండిట్లో ఒకటి."

బయట హారన్ మోగింది. ఆమె బండి తోసుకుంటూ కౌంటర్ వైపు నడిచింది. రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఆగితే వస్తావా?"

"వస్తాను."

ఆదివారం పొద్దున భాగ్యక్క పిండి బకెట్లు మోసుకుని మా ఇంటికి వచ్చింది, అక్కడినుంచి నాతో కొట్టుకి తీసుకెళ్ళడానికి. నేను అల్లం దంచి టీ పెడుతున్నాను. అప్పుడు దీపం కదిలింది. ముందు కొంచెం. తర్వాత గట్టిగా, బల్బు పైకప్పుకి తగులుతుందేమో అన్నంతగా.

"మొదలువెట్టిండు," అంది భాగ్యక్క.

పైన అతని మాటలు వినపడుతున్నాయి. మిక్సీ ఇంకా వేయలేదు.

"ఎవతితో మాట్లాడావే కొట్లో? అంతసేపు ఏం మాట్లాడావు?"

ఆమె ఏదో అంది. ఏదో పగిలింది. అడుగులు వంటగదివైపు నడిచాయి, వాటితోపాటు ఏదో ఈడ్చిన చప్పుడు. మేమిద్దరం పైకి చూస్తున్నాం. టక్ మని స్విచ్చు.

మిక్సీ అరవలేదు. పేలింది. ఇనప డబ్బాలో రాళ్ళు వేసి ఊపితే ఎలా ఉంటుందో అలా, ఒక్కసారిగా ధనధనమని. దాని మధ్యలో ఏదో వెళ్ళి గోడకి కొట్టుకుంది. మగగొంతు కెవ్వుమంది. మోటారు కిందికి దిగి, మూలిగి, టప్ మని ఆగిపోయింది.

ఆ తర్వాత నిశ్శబ్దం.

అన్నాళ్ళ తర్వాత ఆ ఇంటి నిశ్శబ్దం వినడం అదే. అందులో ప్రసూన గొంతు వచ్చింది.

"హైమక్కా! చంపేస్తున్నాడు! అక్కా!"

ఒక్కొక్క మాటా స్పష్టంగా వినపడింది. పైన, కింద, పక్కన, ఉన్న ఇళ్ళన్నిటికీ వినపడి ఉంటుంది. దాని మీద టకటకమని మిక్సీ స్విచ్చు తిప్పుతున్న చప్పుడు. తిప్పుతున్నాడు, అది తిరగడం లేదు.

"తిరగవే! ఏమైందే దీనికి! నోర్ముయ్, నోర్ముయ్యమన్నానా!"

తర్వాత దెబ్బ చప్పుడు. ఇన్నాళ్ళూ దీపంలో చూసిన దెబ్బ, మొదటిసారి చెవికి తగిలింది. పచ్చిగా, మెత్తటిదాని మీద పడ్డట్టు. దాని వెంటనే ఆమె కేక.

భాగ్యక్క నేను అల్లం దంచుతున్న ఇనప రోకలి నా చేతిలోంచి లాక్కుని పరిగెత్తింది. చిన్న రోకలే, కానీ బరువు. మోకాళ్ళ నొప్పులని రోజూ మెట్ల దగ్గర మూలిగే మనిషి, ఆ మెట్లు ఎలా ఎక్కిందో నేను చూడలేదు. నేను ఫోను తీశాను. ఈసారి మిక్సీ అనలేదు, చప్పుడు అనలేదు. అతను ఆమెని చంపుతున్నాడు, వినండి అన్నాను. ఇంటి నంబరు చెప్పాను. పైకి వెళ్ళి ఫోను వాళ్ళ తలుపుకి ఆనించి పట్టుకున్నాను.

భాగ్యక్క రోకలితో తాళం పిడి మీద కొడుతోంది. "తియ్యిరా! తియ్యి తలుపు! నీ సంగతి చూస్త ఇయ్యాళ!"

కారల్ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఎదురింటి కుర్రాళ్ళు వచ్చారు. కింద నుంచి ఎవరెవరో ఎక్కుతున్నారు. తలుపు తెరుచుకుంది. తీసింది శ్రీకరే.

సగం ముఖం పచ్చగా ఉంది. పసుపు పొడి కనుబొమ్మల్లో, మీసంలో. ఎడమ కన్ను మూసుకుపోయి, రెప్ప చీలి, అక్కడినుంచి నెత్తురు పసుపులో కలిసి ఎర్రగా గడ్డం మీదికి కారుతోంది. అయినా నవ్వడానికి చూస్తున్నాడు.

"ఏం లేదు చెల్లెమ్మా. మిక్సీ పాడైంది. నువ్వు అమ్మిందే."

అతని భుజం మీదుగా వంటగది కనిపించింది. నేలంతా పసుపు కొమ్ములు, విరిగినవి, విరగనివి. మూత పొయ్యి వెనక పడి ఉంది. ప్రసూన అల్మరాకి ఆనుకుని నేల మీద ఉంది. కుడిచెయ్యి మోచేతి కింద తిరగరాని వైపుకి తిరిగి ఉంది. నోటినిండా నెత్తురు. కళ్ళు మాత్రం తలుపు మీదే.

"వచ్చావా," అంది.

ఆ మాట వినగానే శ్రీకర్ వెనక్కి తిరిగాడు. నవ్వు ఎటు పోయిందో పోయింది. మిక్సీ మీంచి జార్ ఊడబెరికి, పిడి పట్టుకుని, ఆమె తల మీదికి ఎత్తాడు. లోపల మిగిలిన కొమ్ములు అతని నెత్తినే రాలాయి. భాగ్యక్క లోపలికి దూరి, ఎత్తిన చేతి మీద రోకలితో కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. జార్ కింద పడింది. రెండోచేత్తో భాగ్యక్క గొంతు పట్టుకున్నాడు. ఆమె మళ్ళీ కొట్టింది, ఈసారి మోకాలి చిప్ప మీద. అతను కూలబడ్డాడు. కూలబడి కూడా ప్రసూన జడ అందుకుని లాగాడు. అప్పుడు ఎదురింటి కుర్రాళ్ళు మీద పడ్డారు. ఒకడు వీపు మీద కూర్చున్నాడు. ఒకడు ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు, జడలోంచి.

"నా ఇంట్లోకొచ్చి నన్నే కొడతారా! కేసు పెడతా! ఒక్కొక్కడి వీసా..." అని నేలకి నొక్కుకుపోయిన నోటితో అరుస్తూనే ఉన్నాడు.

భాగ్యక్క ఆయాసపడుతూ గోడకి జారబడింది. మెడ మీద అతని వేళ్ళ అచ్చులు. "పెట్టుకోరా," అంది. "ఇన్ని దినాలు నువ్వు ఆడిందే ఆట. ఇయ్యాళ కొట్టెటోళ్ళు దొరికిండ్రు."

నా చేతిలో ఫోను ఇంకా లైన్లోనే ఉంది. అవతలి ఆడగొంతు, విన్నాను, అన్నీ విన్నాను, పోలీసులు కింద ఉన్నారు అంటోంది.

ఈసారి వచ్చిన పోలీసులు ఎవరూ నవ్వలేదు. శ్రీకర్ ఇంగ్లీషులో గడగడా మాట్లాడబోయాడు. పోలీసావిడ అతని వంక చూడకుండా ప్రసూన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తన ఫోన్లో ఎవరికో చేసి స్పీకర్ పెట్టింది. అందులోంచి ఎక్కడో ఎవరో ఒక తెలుగు ఆవిడ పలికింది. "అమ్మా, చెప్పండి. మీరన్నది అన్నట్టే చెప్తాను. ఒక్క మాట మార్చను." ప్రసూన చెప్పడం మొదలుపెట్టింది. విరిగిన పంటి సందుల్లోంచి గాలి పోతున్నా ఆపకుండా చెప్పింది. నేను ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని విన్నాను. కారల్ తలుపు దగ్గర కర్ర మీద ఆనుకుని, మాటలు అర్థం కాకపోయినా కదలకుండా విన్నది.

పోలీసావిడ నేల మీది కొమ్ము ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పి చూసింది. ఇదేమిటి అని అడిగింది. ప్రసూన తెలుగులో చెప్పింది, ఫోన్లో ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. "మా ఊళ్ళో పండుతుంది."

శ్రీకర్‌ని చేతులు కట్టి దించేటప్పుడు, అతని పచ్చటి ముఖం మీద నెత్తురు ఎండి పెచ్చు కట్టి ఉంది. ఆ కన్నుకి చూపు మళ్ళీ రాలేదని తర్వాత విన్నాను. బెయిలు మీద బయటికి వస్తే ఏం చేస్తాడోనని భాగ్యక్క కొడుకు తమ ఇంటికి తాళాలు మార్పించాడు. ప్రసూన ఆసుపత్రి నుంచి నేరుగా వాళ్ళింటికే వెళ్ళింది. నెలలు గడిచినా అతను బయటికి రాలేదు. ఆ తలుపు తట్టింది అతని లాయరు ఒక్కడే. వాడిని భాగ్యక్క లోపలికి రానివ్వలేదు.

జార్‌నీ మూతనీ పోలీసులు తీసుకెళ్ళారు. మిక్సీ మాత్రం అక్కడే ఉండిపోయింది. ప్రసూన బట్టలు తేవడానికి వెళ్ళిన రోజు దాన్ని కూడా తెచ్చాను. బరువుకి భుజం లాగేసింది.

"దాన్నెందుకు తెచ్చినవే? చూస్తెనే కడుపు మండుతుంది," అంది భాగ్యక్క.

"నాదే అది," అంది ప్రసూన.

చాలా రోజులు అది వంటగది మూల గుడ్డ కప్పుకుని ఉంది. భాగ్యక్క తన గ్రైండర్‌తో పిండి రుబ్బుకునేది. ఎక్కడైనా మిక్సీ మోగితే ప్రసూన లేచి వెళ్ళి గోడ మూల నిలబడేది. మోగడం ఆగేదాకా రెండు చేతులతో తల పట్టుకుని అక్కడే ఉండేది. కట్టు కట్టిన చెయ్యి సరిగ్గా పైకి లేచేది కాదు.

ఒకరోజు నేను కొట్టు నుంచి వెళ్ళేసరికి గుడ్డ తీసి ఉంది. కొత్త జార్ ఒకటి పక్కన ఉంది, నా దగ్గరే తెప్పించుకున్నది. కొబ్బరి ముక్కలు, పచ్చిమిరపకాయలు కోసి పెట్టి ఉన్నాయి.

"తిరుగుతుందా అక్కా?"

మిక్సీ పక్కకి వాల్చి, కింద బొత్తాం నొక్కాను. బొత్తాం సందుల్లో పసుపు ఇంకా ఉంది.

"తిరుగుతుంది. గట్టి మిక్సీయే."

చాలాకాలంగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "ఆరోజు మూత వదులుగా పెట్టావా?"

ప్రసూన కొబ్బరి జార్లో వేస్తూ తల అడ్డంగా ఊపింది. "గట్టిగానే పెట్టాను. మూత మీద చెయ్యి ఉంచాలని నువ్వు చెప్పినా ఆయన తలకెక్కలేదు. ఎప్పుడైనా ఒక్క పచ్చడి చేసుంటే తెలిసేది."

నీళ్ళు పోసింది, ఉప్పు వేసింది, మూత పెట్టింది. ఆ తర్వాత అలాగే నిలబడిపోయింది. కట్టుచెయ్యి మూత నొక్కలేదు. రెండోచెయ్యి స్విచ్చుకి కావాలి. నేను వెళ్ళి నా అరచెయ్యి మూత మీద పెట్టి అదిమి పట్టాను.

"వెయ్యి."

కళ్ళు మూసుకుని తిప్పింది. బుల్డోజర్ అరిచింది. ఆమె ఒళ్ళంతా ఒక్కసారి అదిరిపడింది, వెనక్కి ఒక అడుగు పడింది, కానీ వేళ్ళు స్విచ్చు వదల్లేదు. నా చెయ్యి కింద మూత ఎగరబోతూ కొట్టుకుంది. కటకటమన్నది. తర్వాత మెత్తబడింది. గొంతు దిగింది.

ఆమె కళ్ళు తెరిచి, ఆ చప్పుడు వింటూ కొంచెంసేపు ఉంది.

తర్వాత తనే ఆపింది.